యజమాని పేరు కింద వెతకండి

మా సంఘంలో ఎవరూ ఎవరికీ కాదని చెప్పరు. "ప్రార్థనలో పెడదాం" అంటారు. ఆ మాట అన్నారంటే ఆ విషయం అయిపోయినట్టే. లేచి నిలబడి, తలలు వంచి, కళ్ళు మూసుకుంటాం. కళ్ళు తెరిచేసరికి దేని గురించి వాదించుకున్నామో అది అక్కడ ఉండదు. టీ కప్పులు మాత్రం ఉంటాయి.

నేను ప్రార్థనను నమ్మే మనిషిని. పొద్దున్నే మోకాళ్ళూనకుండా గుమ్మంలో పాల ప్యాకెట్టు కూడా ముట్టుకోను. సండేస్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులు తెచ్చుకున్నాను, పెద్దయ్యాక అదే సండేస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాను. అందుకే ఆ మాటను తలుపు గడియలా వాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడితో మాట్లాడమని ఇచ్చిన నోటితో సాటి మనిషి నోరు మూయించడం ఆయన పేరును వ్యర్థంగా వాడటమే. ఇది ఇప్పుడు ధైర్యం వచ్చి రాస్తున్న మాట కాదు. ఆ రోజు కమిటీ గదిలో, అందరి ముందూ అన్న మాట.

అవి సికింద్రాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటరు కోర్సుల పోస్టర్లే కనిపించే రోజులు. నేను క్లాక్ టవర్ దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసే ఉద్యోగం చేసేదాన్ని. సాయంత్రాలు బస్సెక్కి అమీర్‌పేట వెళ్ళి వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకున్నాను. ఆఫీసుకు నేనే సైటు చేసిపెడితే జీతం పెంచుతారనుకున్నాను. పని పెంచారు. అయితేనేం, ఒక విద్య చేతికొచ్చింది. వచ్చాక దాన్ని చర్చికి వాడాలనిపించింది.

మా చర్చిలో వెనక వరసల్లో కూర్చునే ఒకాయన కరెంటు పని చేస్తాడు. ముందు వరసలో కూర్చునే ఒక కుటుంబం ఇంట్లో వైరింగ్ కాలిపోతే వాళ్ళు మోండా మార్కెట్‌కు వెళ్ళి షాపువాళ్ళను బతిమాలి ఎవరినో తెచ్చుకున్నారు. ఆదివారం ఒకే కీర్తన పాడిన ఇద్దరికి సోమవారం ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కుట్టుపని చేసేవాళ్ళు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు, కారు నడిపేవాళ్ళు, విందులకు వండిపెట్టేవాళ్ళు, రోగులను చూసుకునే నర్సులు, అందరూ ఉన్నారు. మనమంతా ఒకే శరీరంలో అవయవాలమని ప్రతి నెలా ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటూ చెప్పుకుంటాం. చెయ్యి ఎక్కడుందో కాలికి తెలియకపోతే అదేం శరీరం? అందుకని సంఘంలో ఎవరు ఏ పని చేస్తారో పని పేరుతో వెతుక్కునేలా ఒక డైరెక్టరీ చేద్దామనుకున్నాను. చర్చి వాళ్ళే కాదు, ఊళ్ళో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

పైకి చెప్పిన కారణం అది. నా కళ్ళ ముందున్నది మాత్రం ఒక్క మనిషి.

స్త్రీల సమాజంలో నా పక్కన కూర్చునే ఒక అక్క ఉండేది. నర్సింగ్ చదువుకుని, మంచం పట్టిన పెద్దవాళ్ళను వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసుకునేది. మా అమ్మ ఆఖరి రోజుల్లో వీపు మీద పుండు పడకుండా కాపాడింది ఆమే. వేళ తప్పకుండా పక్క మార్చేది. మార్చే ప్రతిసారీ అమ్మకు చెప్పి మార్చేది, "అమ్మా, ఇప్పుడు గోడ వైపు తిప్పుతున్నానండీ" అని. అప్పటికి అమ్మకు మాట వినిపిస్తోందో లేదో డాక్టరుకే తెలియదు. అయినా చెప్పకుండా చెయ్యి వేసేది కాదు. ఆ మర్యాద నేను మా చర్చిలో ఇంకెవరి దగ్గరా చూడలేదు.

భర్త పోయాక ఆమె బన్సీలాల్‌పేటలో బావగారి ఇంటి వెనక పోర్షన్‌లో ఉండేది. ఆ బావగారు మా సంఘపెద్ద, కమిటీకి చైర్మన్. ఇంటికంతటికీ ఒక్క ల్యాండ్‌లైను, అది ముందుగదిలో ఆయన కుర్చీ పక్కన. ఆమె కోసం ఫోను వస్తే ఎత్తేది ఆయన. రాత్రి డ్యూటీ అంటే "ఆవిడ ఊళ్ళో లేరండీ" అని పెట్టేసేవాడు. పగటి డ్యూటీ అయితే ఎవరిల్లు, ఇంట్లో మగవాళ్ళు ఎవరెవరు అని ఆరా తీసేవాడు. నచ్చకపోతే మళ్ళీ అదే జవాబు. తనకు పనులు ఎందుకు రావడం లేదో ఆమెకు చాలాకాలం అర్థం కాలేదు. ఇంకా ప్రార్థన చెయ్యాలేమో అనుకుంది పాపం. ఒకరోజు మారేడ్‌పల్లిలో ఇదివరకు తాను చూసుకున్న ఒక పెద్దాయన కూతురు బస్టాపులో కలిసి, "ఎప్పుడొచ్చారు ఊరి నుంచి? మా అమ్మ కోసం ఎన్నిసార్లు చేశానో" అంటే అప్పుడు తెలిసింది.

అప్పటికి సెల్‌ఫోనులో వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టే బాధ తప్పింది. ఆమె చిన్న సెల్ ఒకటి కొనుక్కుంది. కానీ ఆ నంబరు ఎవరికి తెలుసు? ఊళ్ళో నలుగురికి తెలిస్తే చాలు, పని దొరుకుతుంది. పని దొరికితే తార్నాక వైపు ఒక గది తీసుకుని తన బతుకు తాను బతకగలదు. నేను డైరెక్టరీ సంగతి చెప్పగానే ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

"నా నంబరు నా పేరు పక్కన పెట్టమ్మా. ఇంకేం రాయకపోయినా ఫరవాలేదు."

పెడతానని మాటిచ్చాను.

పేజీలన్నీ తయారయ్యాక పదిమందికి చూపించి సలహాలు తీసుకుందామనుకున్నాను. మొదట చూపించింది మా చర్చిలో కీబోర్డు వాయించే తమ్ముడికి. తోడబుట్టినవాడు కాదు, నా సండేస్కూలు పిల్లవాడు. ఇంజినీరింగ్ చదివి హైటెక్ సిటీలో పెద్ద కంపెనీలో చేరాడు. మెడలో ఐడీ కార్డుతోనే కొయిర్ ప్రాక్టీసుకు వచ్చేవాడు. చర్చిలో తల్లులందరూ తమ పిల్లలకు అతన్ని చూపించి చదువుకోమనేవాళ్ళు. నాకూ గర్వంగానే ఉండేది, అది నిజం.

శనివారం మధ్యాహ్నం మోండా మార్కెట్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నాం. నా ఇంటి కంప్యూటరులో ముత్యాల్లా కనిపించిన తెలుగు అక్షరాలు అక్కడ ఖాళీ డబ్బాలై కూర్చున్నాయి. సెంటర్ అతను వెనక నుంచి తొంగిచూసి, "ఏందక్కా, డబ్బాలు అమ్ముతున్నవా?" అన్నాడు. తమ్ముడు నవ్వి, ఆ ఫాంటు నా కంప్యూటరులో మాత్రమే ఉంది కాబట్టి నాకొక్కదానికే కనిపిస్తోందని వివరించాడు. యూనికోడ్‌లో రాస్తే కొత్త కంప్యూటర్లలో ఎక్కడైనా కనిపిస్తుందన్నాడు. ఫోటోలన్నీ బరువుగా ఉన్నాయి, చిన్నవి చెయ్యాలన్నాడు. "డయలప్‌ల గిది ఓపెన్ అయ్యేసరికి మళ్ళ ఆదివారం వస్తది అక్కా." నేను ముచ్చటపడి పెట్టుకున్న ముదురెరుపు మీద బంగారు రంగు అక్షరాలు చూసి, చదవడానికి టార్చిలైటు తెచ్చుకోవాలా అని అడిగాడు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరం, పైన వెతుక్కునే గడి ఒకటి చాలన్నాడు. ప్రతి మాటా నిజమే. నేను ఒక్కదానికీ బాధపడలేదు. తప్పు ఎక్కడుందో ముఖం మీద చెప్పి, ఎలా దిద్దుకోవాలో పక్కనే కూర్చుని చూపించే మనిషి దొరకడం కూడా దేవుడి దయే.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. ఆడవాళ్ళ నంబర్లు బయటికి కనిపించేలా పెడితే పనిలేని మగవాళ్ళు ఫోన్లు చేసి విసిగిస్తారేమో. ఆ భయం కొందరికి ఉంది. ఏం చెయ్యాలి?

"గదేం పెద్ద ముచ్చట కాదక్కా" అన్నాడు. నంబరు పెట్టడం ఇష్టమైనవాళ్ళది పెట్టు, ఇష్టం లేనివాళ్ళ పేరు పక్కన ఒక బటన్ పెట్టు అన్నాడు. పని కావాల్సినవాళ్ళు ఆ బటన్ నొక్కి తమ పేరూ నంబరూ అవసరమూ రాస్తారు. అది మెసేజీగా ఆమె సెల్‌కు వెళ్తుంది. ఆమెకు నచ్చితే ఆమే ఫోను చేస్తుంది. "ఎవరి నంబరు వాళ్ళ ఇష్టం. నాకు సగం రోజు పని. నేనే చేసిస్త."

ఎంత సంతోషమైందంటే, దారిలో బండి దగ్గర ఆపి అతనికి మిర్చి బజ్జీలు తినిపించాను.

తర్వాత కమిటీ. మా దగ్గర చర్చి పేరుతో ఏ పని జరగాలన్నా కమిటీ చూడాలి. మానిటరూ సీపీయూ పాత దుప్పట్లో చుట్టి ఆటోలో వేసుకుని, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. చర్చి పక్క గదిలో అందరూ కూర్చున్నారు. పాస్టరుగారు, అంటే మా అయ్యగారు, "బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నారు. ఆయన దేన్నైనా అలాగే అంటారు. తర్వాత సలహాలు మొదలయ్యాయి. సైటు తెరవగానే కీర్తన వినిపించాలన్నారు ఒకరు. శిలువ వెలుగుతూ ఆరుతూ ఉండాలన్నారు ఇంకొకరు. మౌస్ ఎటు కదిలితే అటు పావురం ఎగురుతూ రావాలని ఒక పెద్దమనిషి పట్టుబట్టారు, వాళ్ళ అబ్బాయి ఎక్కడో చూశాడట. మొదటి పేజీలో కమిటీ సభ్యుల ఫోటోలు ఉండాలని అందరూ అన్నారు. ఆ ఫోటోలు ఏ వరసలో ఉండాలన్నదాని మీద టీ వచ్చి చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నారు. ఎలక్ట్రీషియన్ గురించి గానీ, కుట్టుపని గురించి గానీ ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. నేను పంటి బిగువున అన్నిటికీ తలూపాను. పావురం ఎగిరితే ఎగరనీ, కింద పేర్లు ఉంటే చాలు.

అప్పుడు చైర్మన్‌గారు తన సంచిలోంచి చర్చి జూబిలీకి అచ్చువేసిన పాత డైరెక్టరీ తీసి బల్ల మీద పెట్టారు.

ఆ పుస్తకం మా ఇళ్ళన్నిటిలోనూ ఉంటుంది. అందులో మనుషులుండరు, కుటుంబాలుంటాయి. ప్రతి కుటుంబానికీ ఒక ఫోటో, పైన యజమాని పేరు, ఉద్యోగం, ఫోను నంబరు. కింద చిన్న అక్షరాల్లో భార్య, పిల్లలు, ఆశ్రయంలో ఉన్నవాళ్ళు. అక్క పేరు ఆ ఆఖరి వరసలో ఉంది.

"మన సంఘానికి ఒక పద్ధతి ఉందమ్మా" అన్నారాయన, చాలా మృదువుగా. "కుటుంబానికి ఒక యజమాని, ఒక ఫోను. అలాగే పెట్టు. ఇంట్లో ఎవరైనా ఏదైనా పని చేస్తే ఆ పేరు కింద రాయి, వద్దనను."

నర్సు కావాల్సినవాళ్ళకు ఆ ఇంటి యజమాని పేరు ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. తెలియకపోతే చర్చికి ఫోను చేసి అడుగుతారన్నారు. చర్చి ఆఫీసుకు ఆదివారం తప్ప తాళం తియ్యరు. ఆ సంగతి గుర్తు చేశాను. ఆయన నవ్వారు.

"పరాయి మగవాళ్ళు మన ఇంటి ఆడవాళ్ళకు నేరుగా ఫోన్లు చెయ్యడం నీకు ఇష్టమేనా? నువ్వు చెప్పు."

అందరూ తలలూపారు. ఇది అడుగుతారని నాకు తెలుసు, అందుకే జవాబు సిద్ధంగా ఉంది. కీబోర్డు తమ్ముడు గోడ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సాంకేతిక విషయాలకని కమిటీయే అతన్ని పిలిపించింది. దానికి ఒక మార్గం ఉందండీ, తమ్ముడు వివరిస్తాడు అన్నాను.

అతను కంప్యూటరు వైపు చూశాడు. చైర్మన్‌గారి వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

"అంటే అక్కా, అది టెక్నికల్‌గా కుదరదు" అన్నాడు. "ఒక్కొక్కళ్ళకు ఒక నంబరంటే డేటాబేస్ మొత్తం మార్చాలె. ఫ్యామిలీకి ఒక్క నంబరైతేనే సేఫ్."

"శనివారం సగం రోజు పని అన్నావు."

"రిక్వైర్‌మెంట్ మారింది కదక్కా."

రిక్వైర్‌మెంట్ అంటే ఏమిటో ఆ గదిలో సగం మందికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో మెడలో కార్డు వేలాడేవాడు టెక్నికల్‌గా కుదరదంటే దానికి అప్పీలు లేదు. ఆ మాట వినగానే గదిలో అందరి భుజాలూ తేలికపడ్డాయి. ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. అక్క నోటి దగ్గర కూడు తీసింది ఎవరూ కాదు, కంప్యూటరు.

"సరే, ప్రార్థనలో పెడదాం" అన్నారు చైర్మన్‌గారు.

అప్పుడన్నాను. "ఇందులో ప్రార్థనలో పెట్టడానికి ఏమీ లేదండీ. ఒక మనిషి నంబరు ఆ మనిషి పేరు పక్కన ఉండాలా వద్దా, అంతే. అవునో కాదో మీ నోటితో చెప్పండి. దేవుడి పేరు అడ్డం పెట్టుకోకండి. అది ఆయన పేరును వ్యర్థంగా వాడటం."

ఎవరో గొంతు సవరించుకున్నారు. అయ్యగారు తన బైబిలు అంచులు నిమురుతూ కూర్చున్నారు. చైర్మన్‌గారికి కోపం కూడా రాలేదు.

"సిస్టర్‌కు ఆవేశం ఎక్కువ. తలలు వంచుదాం."

వంచారు. నేను వంచలేదు. పుట్టి బుద్ధెరిగాక ప్రార్థనలో కళ్ళు తెరిచి నిలబడటం అదే మొదలు. తెరిచి ఉన్న కళ్ళు ఆ గదిలో ఇంకో జత ఉన్నాయి. తమ్ముడు తన బూట్ల వైపు చూస్తున్నాడు.

కారణం మరుసటి ఆదివారం ప్రకటనల్లో తెలిసింది. అతనికి పెళ్ళి కుదిరింది. అమ్మాయిది వేరే సంఘం, నీళ్ళలో ముంచి బాప్తిస్మమిచ్చే వాళ్ళు. మా వాళ్ళు అలాంటి పెళ్ళికి కమిటీ ఒప్పుకుంటే తప్ప చర్చిలో ప్రకటన చదవరు. ఒప్పుకోవడమంటే చైర్మన్‌గారు ఒప్పుకోవడమే. ఆయన ఒప్పుకున్నారు. ప్రకటన చదివారు. జనం వెనక్కి తిరిగి నవ్వుతూ కీబోర్డు వైపు చూశారు.

భయపడ్డాడని నాకు కోపం లేదు. భయం ఎవరికి ఉండదు? "అక్కా, నేను ఇప్పుడు నోరు విప్పలేను" అని నా చెవిలో అని ఉంటే అతని కోసం కూడా మోకాళ్ళూనేదాన్ని. ఊరికే మౌనంగా కూర్చున్నా సరిపోయేది. అతను మౌనంగా లేడు. తన చదువును లేపి నిలబెట్టి దానితో అబద్ధం చెప్పించాడు. అబద్ధ సాక్ష్యం తప్పని అతనికి నేర్పింది నేనే. ఫ్లానెల్ గుడ్డ మీద కాగితం బొమ్మలు అంటించి, ఆ బొమ్మల్లో ఎవరు తప్పు చేశారో చెప్పమని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తేవాడు.

అక్కకు చెప్పడానికి బన్సీలాల్‌పేట వెళ్ళాను. ఆ పాతబావి చుట్టూ అప్పట్లో చెత్త పేరుకుని ఉండేది, దాని పక్క సందులో వాళ్ళ ఇల్లు. వెనక పోర్షన్ గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది, ఆ పెద్దింటి వంటంతా ఆమె చేతి మీదే. అంతా విన్నది. పరాయి మగవాళ్ళ ఫోన్ల మాట దగ్గర తుంచడం ఆపింది.

"తేడా ఫోను వస్తే కట్ చేస్తాను. గొంతులో పైపు వేసి మనుషులకు అన్నం పెట్టినదాన్ని, ఫోను కట్ చెయ్యడం రాదా నాకు?"

నాకు ఈ సైటే వద్దు, పేజీలన్నీ తీసేస్తానని అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. కరెంటు పని చేసే ఆయన తన ఇంటికి తనే యజమాని, అతని నంబరు ఎలాగూ ఉంటుంది, అతని పని ఎందుకు చెడగొడతావు అంది. తర్వాత అడిగింది.

"దాన్ని ప్రతిష్ఠ చేసేరోజు సాక్ష్యాలు ఉంటాయా?"

ఉంటాయన్నాను. "సరే అయితే" అని మళ్ళీ కాయలు తుంచుకుంది.

వాళ్ళు చెప్పినట్టే మార్చాను. శిలువ వెలిగి ఆరింది, కీర్తన మోగింది, పావురం ఎగిరింది. పని పేరుతో వెతికే గడి తీసేసి దాని చోట "కుటుంబ యజమాని పేరు కింద వెతకండి" అని పెట్టాను. ఆ వాక్యం కోపంతోనే టైపు చేశాను. సైటు పాస్‌వర్డు మాత్రం ఎవరూ అడగలేదు. అది ఉంటుందని కూడా వాళ్ళకు తెలియదు.

ప్రతిష్ఠ ఆదివారం ఆరాధనలో జరిగింది. అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు, కిటికీలకు దుప్పట్లు, గోడ మీద తెల్ల పంచె. అయ్యగారు కంప్యూటరు మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. చైర్మన్‌గారు మౌస్ నొక్కారు. తమ ఫోటోలు పంచె మీద పెద్దగా కనిపిస్తే కమిటీవాళ్ళు మెడలు సాచి మరీ చూసుకున్నారు. పావురానికి పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత సాక్ష్యాల సమయం, దేవుడు తమకు చేసిన మేలు ఎవరికి వాళ్ళు లేచి చెప్పుకునే సమయం. మా దగ్గర సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళను ఎవరూ కూర్చోమనకూడదు. ఎవరైనా మరీ సాగదీస్తే మాత్రం ఒక ఉపాయం ఉంది. వేదిక మీదివాళ్ళు కీబోర్డు వైపు చూస్తారు, పాట ఎత్తుకుంటారు. పాటకు అందరూ లేచి నిలబడాలి. పాట అయ్యాక అందరూ కూర్చుంటారు, సాక్ష్యం చెప్పేవాళ్ళూ మర్యాదగా కూర్చుంటారు.

స్త్రీల వైపు నుంచి అక్క లేచింది. అందరిలాగే దేవునికి స్తోత్రాలు చెప్పింది. భర్త పోయాక తనను ఇంతవరకూ నడిపించాడని చెప్పింది. తర్వాత అదే గొంతుతో అంది.

"నేను నర్సునని మీలో చాలామందికి తెలుసు. వెబ్‌సైటులో నన్ను మా బావగారి పేరు కింద వెతకాలట. ఆయన నర్సు కాదు."

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత చాలామంది.

"నా కోసం వచ్చే ఫోన్లకు నేను ఊళ్ళో లేనని జవాబు వెళ్తోంది. నేను ఊళ్ళోనే ఉన్నాను. నాకు సొంత ఫోను ఉంది. నంబరు చెబుతాను, రాసుకోండి."

ఒక్కొక్క అంకె విడదీసి చెప్పడం మొదలుపెట్టింది, మందు మోతాదు చెప్పినట్టు. సగానికి వచ్చేసరికి చైర్మన్‌గారు కీబోర్డు వైపు చూశారు. నేనూ చూశాను. తమ్ముడి చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒక్క క్షణం అవి అక్కడే ఉంటాయనుకున్నాను. ఎత్తాడు. వాయించాడు. మామూలు కంటే గట్టిగా వాయించాడు. ఆ ఒక్క క్షణం ఆశపడినందుకు కూడా కోపమే నాకు.

అందరూ లేచి పాడారు. అక్కా పాడింది, ఆమె గొంతు బాగుంటుంది. చరణాలన్నీ పాడారు, పల్లవి మళ్ళీ మళ్ళీ పాడారు. పాట ఆగింది. అందరూ కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు.

"మిగతా సగం చెబుతాను" అంది.

ముందు బెంచీలో ఒక ముసలమ్మ వెనక్కి తిరిగింది. "మొదటి సగం కూడా చెప్పమ్మా. పాటలో పడి మర్చిపోయాను."

చర్చి మొత్తం నవ్వింది. అక్క మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. స్త్రీల వైపు కానుక కవర్ల మీద పెన్నులు కదిలాయి. మగవాళ్ళ వైపు కూడా ఒకరిద్దరు సెల్‌ఫోన్లు తీశారు. చైర్మన్‌గారు మళ్ళీ కీబోర్డు వైపు చూశారో లేదో నేను చూడలేదు. నేను కూడా రాసుకుంటున్నాను, నాకు ఆ నంబరు ఎప్పటినుంచో తెలిసినా సరే.

ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుని సైటులో ఇంకో పేజీ చేశాను. తెల్లటి పేజీ, నల్లటి అక్షరం. పైన "పని పేరు కింద వెతకండి". నర్సు అన్నచోట అక్క పేరు, పక్కన ఆమె నంబరు. ఆ వారంలో కుట్టుపని చేసే ఒకామె, ట్యూషన్లు చెప్పే ఒకామె తమవి కూడా పెట్టమని వాళ్ళంతట వాళ్ళే ఫోను చేశారు. బటన్ చెయ్యడం మాత్రం నాకు రాలేదు. అది వచ్చినవాడు చెయ్యలేదు. నంబరు బయటపెట్టడానికి భయపడినవాళ్ళ పేర్లు ఈ రోజుకీ యజమానుల కిందే ఉండిపోయాయి. దాన్ని నేను క్షమించలేకపోతున్నాను. క్షమించమని నాకు ఆజ్ఞ ఉంది, తెలుసు. రోజూ దాని గురించి దేవుడితో పోట్లాడుతూనే ఉన్నాను.

అక్కకు తేడా ఫోన్లు వచ్చాయి. కట్ చేసింది. మంచివీ వచ్చాయి. తార్నాకలో గది తీసుకున్నప్పుడు సామాను మోయడానికి మా స్త్రీల సమాజం కదిలింది. బావగారు ముందుగదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నారు, ఫోను పక్కన.

దానికి ముందే ఒక మధ్యాహ్నం తమ్ముడు మా ఆఫీసుకు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో తన శుభలేఖ. శుభలేఖ కౌంటరు మీద పెట్టాడు గానీ వెళ్ళలేదు.

"అక్కా, చైర్మన్ గారు ఆ కొత్త పేజీ తీసెయ్యమంటున్నరు."

"కుదరదు" అన్నాను.

"ఏం, టెక్నికల్‌గా ఏమన్న ప్రాబ్లమా?"

"కాదు. ఊరికే కుదరదు."

అతను ఇంకేదో అనబోయాడు. కౌంటరు దగ్గర విజయవాడ టికెట్ కోసం ఒకాయన నిలబడి ఉన్నాడు. ఏ తేదీకి కావాలండీ అని ఆయన్ని అడిగాను.